సీసా మూత చెరిపేసిన ఆల్బమ్ కవర్

ప్రశ్న: మా అమ్మాయి బీఏ మాస్ కమ్యూనికేషన్ మొదటి సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఆల్బమ్ కవర్ డిజైన్ చేయమని ప్రాజెక్టు ఇచ్చారు. మూడు వారాలు రాత్రి ఒంటిగంట దాకా ఫొటోషాప్ ముందే కూర్చుంది. తీరా చూస్తే పదిహేనుకి ఎనిమిది మార్కులు. ఇప్పుడు డిగ్రీ మానేసి డిజైన్ కోర్సులో చేరతానంటోంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లక్షా ఇరవై వేలు అడుగుతున్నారు. ఫొటో ఎడిటింగ్ నేర్చుకుని చివరికి పెళ్లి ఆల్బమ్‌లు చేసుకుంటూ బతకాలా అని టెన్షన్‌గా ఉంది. తను చేసిన ఫైళ్లన్నీ పంపుతున్నాను, చూసి చెప్పండి.
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: నమస్కారమండీ. ముందు ఆ ఆల్బమ్ సంగతి తేల్చేద్దాం. హైదరాబాద్‌లో ఆల్బమ్ అనగానే ఎవరికైనా పెళ్లి ఫొటోల కరిజ్మా ఆల్బమే గుర్తొస్తుంది, మీ తప్పేం లేదు. మీ అమ్మాయి చేసింది పాటల ఆల్బమ్‌కి అట్ట. ఒకప్పుడు ఎల్పీ రికార్డు మీద ఉండేది. తర్వాత క్యాసెట్ డబ్బాలో మడతపెట్టిన కాగితమైంది. ఇప్పుడు ఫోన్‌లో పాట మోగుతుంటే కనిపించే చదరపు బొమ్మ. 1930ల చివర్లో అమెరికాలో కొలంబియా రికార్డ్స్‌లో చేరిన అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు మొదలుపెట్టిన పని ఇది. అంతకుముందు రికార్డులు చాలావరకు మట్టిరంగు అట్టల్లోనే వచ్చేవి. అట్ట మీద బొమ్మ ఉంటే కొనేవాడి చెయ్యి దానికేసే వెళ్తుందని కంపెనీని ఒప్పించింది ఆయనే.

అలాగని పెళ్లి ఆల్బమ్ పనిని చిన్నచూపు చూడకండి. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే ఆ పని తెలిసినవాళ్లు నిద్ర కూడా పోరు. వేల ఫొటోల్లోంచి వంద ఏరడం, పెళ్లికూతురి చీర రంగు ప్రతి పేజీలో ఒకేలా ఉండేలా చూడటం మాటలు కాదు.

ఇక ఫైళ్లు. పద్నాలుగు పంపారు. అన్నీ తెరిచాను. ఊహించుకున్న ఆల్బమ్ పేరు 'అమ్మమ్మ రేడియో'. మొదటిది మీ ఇంటి కిటికీ గట్టు మీద పెట్టిన పాత రేడియో ఫొటో. ఎడమవైపు నుంచి పొద్దుటి వెలుతురు పడుతోంది. పైన అల్లికల గుడ్డ. కుడి నాబ్ ఎప్పుడో ఊడిపోయినట్టుంది, ఆ చోట ఒక సీసా మూత అతికించి ఉంది. పద్నాలుగోది చివరగా కాలేజీలో ఇచ్చింది. అందులో రేడియోని కత్తిరించి చార్మినార్ ముందు పెట్టింది. వెనక ఉరుముల మబ్బులు, మెరుపు. నాబ్ ఉన్నచోట సీసా మూత లేదు. క్లోన్ స్టాంప్ అనే టూల్‌తో శుభ్రంగా చెరిపేసి, ఎడమ నాబ్‌ని కాపీ చేసి అతికించింది.

నేనైతే ఎనిమిది కూడా వేసేవాణ్ని కాదేమో. పనితనం లేక కాదు. రేడియో మీద వెలుతురు ఎడమ నుంచి వస్తుంటే, చార్మినార్ దీపాలు కుడి నుంచి వెలుగుతున్నాయి. కింద నీడ లేదు కాబట్టి రేడియో గాల్లో తేలుతోంది. అంచుల చుట్టూ సన్నటి తెల్లగీత మిగిలింది. ఇవన్నీ నేర్పితే వచ్చేవే: నీడని వేరే లేయర్‌లో, అంటే వేరే పొర మీద గీయొచ్చు, అంచుని మాస్క్‌తో ఒక పిక్సెల్ లోపలికి నెట్టొచ్చు. అసలు చిక్కు ఆ మూత దగ్గర ఉంది. పేరేమో 'అమ్మమ్మ రేడియో', కవర్ మీద ఉన్నదేమో షోరూమ్ రేడియో. అమ్మమ్మ ఎటు పోయింది?

ఏడో ఫైలు మాత్రం నన్ను ఆపేసింది. అందులో మీ అమ్మాయి పెద్దగా ఏమీ చేయలేదు. ఫొటోని చదరంగా కత్తిరించింది, వెలుగునీడల్ని సరిచేసే కర్వ్స్ టూల్‌తో నీడల్ని కాస్త నల్లబరిచింది, పసుపుని కొంచెం పెంచింది. గుడ్డ, మూత, కిటికీ ఊచలు అలాగే ఉన్నాయి. దాన్ని ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి చూశాను. అప్పటికీ రేడియో రేడియోలాగే తెలుస్తోంది. ఈ రోజుల్లో కవర్‌కి ఇంతకు మించిన పరీక్ష లేదు. పద్నాలుగోది అంత చిన్నదైతే ఊదారంగు మరక.

ఇంకో పొరపాటు ఉంది. చెప్పకపోతే మళ్లీ చేస్తుంది. కవర్ మీద పేరు 'అమ్‌మమ్‌మ' అని పడింది. ఒత్తులు విడిపోయాయి. ఫొటోషాప్‌లో టైప్ సెట్టింగుల్లోకి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే తెలుగు సరిగా కుదురుతుంది. పాత వెర్షన్లలో దాన్నే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనేవారు. గింప్‌లో ఈ గొడవే ఉండదు, పైగా అది ఉచితం. రామభద్ర, మల్లన్న, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు కూడా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. నన్నడిగితే ఈ కవర్‌కి ఫాంటే వద్దు. అమ్మమ్మగారి చేత కాగితం మీద రాయించి స్కాన్ చేస్తే చాలు.

రంగుల గురించి ఒక మాట. మా తమ్ముడి పెళ్లి కార్డు నేనే డిజైన్ చేశాను. స్క్రీన్ మీద చక్కటి చిలకపచ్చ. అచ్చయి వచ్చాక చూస్తే ఉడికిన బీరకాయ రంగు. ప్రెస్సు వాళ్లతో అరగంట గొడవపడ్డాను. తప్పు నాదేనని తర్వాత తెలిసింది. స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది. ప్రెస్సు మాత్రం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ఇంకులతో కొడుతుంది. కొన్ని పచ్చలు, నీలాలు ఆ ఇంకులకి అందవు. ఆ నాలుగు ఇంకుల్లో ఎలా వస్తుందో చూపే సీఎంవైకే ప్రివ్యూ పెట్టి చూసుకునే అలవాటు అమ్మాయికి ఇప్పుడే చేయించండి. పన్నెండు అంగుళాల ఎల్పీ సైజులో ప్రింట్ తీయాలంటే 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, ఒక్కో వైపు 3600 పిక్సెళ్లుండే ఫైలు కావాలి. కాబట్టి ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపుకోవద్దు, కుదించుకుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. చార్మినార్, మబ్బుల ఫొటోలు నెట్‌లోంచి తీసుకున్నవైతే పోర్ట్‌ఫోలియోలో, అంటే తన పనులు చూపించే సంకలనంలో పెట్టకూడదు. అవి తీసినవాళ్లకి హక్కులుంటాయి. తనే వెళ్లి తీసుకోవచ్చు, ఉప్పల్ నుంచి చార్మినార్ ఎంత దూరం గనక?

ఇప్పుడు లక్షా ఇరవై వేల సంగతి. కట్టొద్దు. అలాంటి చోట్ల నేర్పేది ఎక్కువగా టూల్సే. బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం, మచ్చలు చెరపడం లాంటివి ఇప్పుడు ఏఐ ఒక్క క్లిక్‌లో చేసేస్తోంది. ఆ పని మీదే ఆధారపడితే ముందుముందు కష్టం. మూత ఉంచాలా, తీసేయాలా అన్నది మాత్రం ఆ క్లిక్ చెప్పదు. మీ అమ్మాయికి ఆ చూపు ఏడో ఫైలులో ఉంది, పద్నాలుగోదానికి వచ్చేసరికి భయపడి వదిలేసింది. డబ్బు పెట్టాల్సింది ఆ చూపుని పదునుపెట్టే చదువు మీద.

డిగ్రీ మానాల్సిన పనిలేదు. అంతగా పట్టుబడితే మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అప్లైడ్ ఆర్ట్ ఉంది. ఇంటర్ అర్హతతో ప్రవేశ పరీక్ష రాయాలి. బొమ్మ గీయడం వస్తేనే ఆ దారి. పరీక్ష చేత్తో గీయిస్తుంది, ఫొటోషాప్ అక్కడ ఆదుకోదు. అందుకే ముందు ఆర్నెల్లు రోజూ పెన్సిల్ పట్టమనండి, ఆ తర్వాత నిర్ణయించుకోవచ్చు. బీఏ పూర్తిచేస్తే డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ (CEED) ద్వారా ఎం.డిజైన్‌కి ప్రయత్నించవచ్చు. కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. సీడ్ రాయడానికి మూడేళ్ల డిగ్రీ చాలు, కానీ సీటిచ్చే దగ్గర ఒక్కో సంస్థ అర్హత ఒక్కోలా ఉంటుంది. బ్రోషర్ చదవకుండా ఎవరి మాటా నమ్మకండి, నా మాటతో సహా.

ఉద్యోగాలంటారా, సినిమా టైటిల్స్‌లో 'పబ్లిసిటీ డిజైన్' అని పేరు పడుతుందే, ఆ ఆఫీసులు ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ చుట్టుపక్కలే ఉంటాయి. ఫస్ట్ లుక్ పోస్టర్లు, టైటిల్ అక్షరాలు, లిరికల్ వీడియోల బొమ్మలు అక్కడే తయారవుతాయి. యాడ్ ఏజెన్సీలు, పత్రికలు, యాప్ కంపెనీల్లో గ్రాఫిక్ డిజైనర్లు వేరే. ఎక్కడికెళ్లినా మార్కుల మెమో కంటే ముందు పోర్ట్‌ఫోలియో అడుగుతారు. చేసిన పని పది ముక్కలు చాలు, ప్రతిదాని పక్కన అలా ఎందుకు చేసిందో రెండు వాక్యాలు రాసి ఉంటే.

ఆ పదిలో మొదటిది మీ దగ్గరే ఉంది. ఏడో ఫైలుని పన్నెండు అంగుళాల ప్రింట్ తీయించి హాల్లో పెట్టండి. తను ఫైళ్లతోపాటు పెట్టిన నోట్ మీరు చదివారో లేదో నాకు తెలీదు. అందులో ఇలా ఉంది: "కుడి నాబ్ పోతే నాన్న దగ్గు మందు సీసా మూత ఫెవిక్విక్‌తో అతికించాడు. దాంతోనే అమ్మమ్మ వివిధభారతి పెట్టేది."