మంచు చూడటానికి ఏ నగరమైనా సరే, ఆ ఎఫ్‌డీని మాత్రం కదపకండి

ప్రశ్న: మాది విజయవాడ. నా వయసు 36 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగంలో నెలకు రూ.96 వేలు చేతికి వస్తుంది. ప్రైవేటు పాఠశాలలో బోధించే నా భార్య జీతం రూ.32 వేలు. 7, 3 ఏళ్ల పిల్లలు ఇద్దరు. అమ్మానాన్నలు మాతోనే ఉంటారు. నాన్నకు 66 ఏళ్లు, మధుమేహం ఉంది. ఇంటి రుణం ఈఎంఐ రూ.36 వేలు, డిసెంబరుతో తీరిపోయే కారు రుణం ఈఎంఐ రూ.9,500, ఇంటి ఖర్చులు, స్కూలు ఫీజులు కలిపి రూ.55 వేలు, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా మదుపు) రూ.10 వేలు. రూ.2.40 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఏటా అక్టోబరులో సుమారు రూ.2 లక్షల బోనస్ వస్తుంది. ఈ డిసెంబరు చివరి వారంలో పిల్లలకు ఐరోపాలో మంచు చూపించాలనుకుంటున్నాం. రూ.6.40 లక్షలు ఖర్చవుతుందని ఏజెంటు చెప్పారు. ఎఫ్‌డీని రద్దు చేసుకొని, మిగిలిన రూ.4 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల వ్యక్తిగత రుణం తీసుకుంటున్నాను. రుణం మంజూరైంది, సొమ్ము ఇంకా తీసుకోలేదు. వీసా కోసం బ్యాలెన్స్ చూపించడానికి మా బావమరిది నెల రోజులు రూ.5 లక్షలు నా ఖాతాలో ఉంచుతానన్నాడు. కంపెనీ ఇచ్చిన రూ.3 లక్షల ఆరోగ్య బీమాలో నేను, భార్య, పిల్లలు ఉన్నాం. ప్రయాణ బీమా ఎలాగూ తప్పనిసరి కాబట్టి ఆ వైపు దిగులు లేదు. పారిస్, ప్రాగ్, జ్యూరిచ్‌లలో ఏ నగరం మేలు?

సమాధానం: మీ ప్రశ్న నగరం గురించే అయినా, ఈ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం అందులోని రూ.2.40 లక్షల ఎఫ్‌డీ. ఏటా వేసవి చివరలో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఊరు మారుతుంది, దేశం మారుతుంది, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నిల్వను ప్రయాణానికి ‘మొదటి వాటా’గా లెక్కగట్టే అలవాటు మాత్రం మారడం లేదు.

ముందుగా మీరు అడిగిన విషయం. మంచు కోసమే వెళ్తున్నట్లయితే మీరు రాసిన మూడు నగరాల్లో ఏదీ సరైనది కాదు. పారిస్‌లో మంచు కురవడమే అరుదు. ప్రాగ్‌లో కురుస్తుంది కానీ నేల మీద రోజుల తరబడి నిలుస్తుందన్న భరోసా లేదు. జ్యూరిచ్ సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి అక్కడ డిసెంబరులో మంచుకు బదులు వాన పడే అవకాశం తక్కువేమీ కాదు. జ్యూరిచ్‌లో దిగిన వారు మంచు కోసం చివరకు ఇంటర్లాకెన్ మీదుగా 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోక్‌కు రైలెక్కుతారు. 1912లో మొదలైన ఆ రైలు మార్గం నిజంగా అద్భుతమే, పైన ఏడాది పొడవునా మంచు ఉంటుంది. అయితే ఇంటర్లాకెన్ నుంచి పెద్దలకు రానుపోను పూర్తి ధర టికెట్ 200 స్విస్ ఫ్రాంకులు దాటుతుంది. సినిమా పాటల పుణ్యమా అని మంచు అంటే స్విట్జర్లాండే అన్న అభిప్రాయం మనవాళ్లలో బలపడిపోయింది. దాని మూల్యం మన జేబులే చెల్లిస్తున్నాయి.

మంచు నిలవాలంటే ఊరు ఎత్తులోనైనా ఉండాలి, బాగా ఉత్తరానైనా ఉండాలి. ఉత్తరాన ఫిన్లాండులోని రొవానియెమిలో మంచుకు ఢోకా లేదు. కానీ ఆర్కిటిక్ వలయాన్ని ఆనుకొని ఉన్న ఆ ఊళ్లో డిసెంబరు చివర సూర్యుడు కనిపించేది సుమారు రెండు గంటలే, చలి మైనస్ 20 డిగ్రీలకు దిగడం అసాధారణమేమీ కాదు, పైగా శాంటా క్లాజ్ గ్రామం పేరుతో ఆ వారమే ధరలన్నీ ఆకాశంలో ఉంటాయి. మూడేళ్ల పాపాయితో అక్కడికి వెళ్లమని నేను చెప్పను. నార్వేలోని ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడే ఉదయించడు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ మంచి ఎంపిక. ఊళ్లో మంచు లేకపోయినా, నగరం నడిబొడ్డు నుంచి అరగంటలోపే కేబుల్ కారులో 2,200 మీటర్లకు పైబడిన ఎత్తుకు చేరవచ్చు.

మీ బడ్జెట్టుకు నా ఓటు పోలండులోని జకోపానేకి. తాత్రా పర్వతాల పాదాన 800 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న ఈ ఊరిని పోలండు ప్రజలు తమ చలికాలపు రాజధాని అంటారు. క్రాకోవ్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు, బస్సులో రెండు, రెండున్నర గంటలు. ఊళ్లో మంచు పలచగా ఉన్న రోజున 1936లో కట్టిన కేబుల్ కారులో 1,987 మీటర్ల కాస్ప్రోవి వియెర్ఖ్ శిఖరానికి వెళ్లవచ్చు. బసకు, భోజనానికి అయ్యే ఖర్చు స్విట్జర్లాండుతో పోల్చవలసిన పనే లేదు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది, అక్కడి నుంచి క్రాకోవ్ దగ్గరే.

ఎత్తైన ఊరు ఎంచుకున్నా మంచు విషయంలో ఎవరూ హామీ ఇవ్వలేరు. 1964లో ఇన్స్‌బ్రుక్‌లో శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు ఆ ఏడాది మంచే కరవై, ఆస్ట్రియా సైన్యం కొండల మీది నుంచి మంచును, మంచు దిమ్మెలను మోసుకొచ్చి పోటీల మార్గాలను నింపవలసి వచ్చింది. ఒలింపిక్స్ నిర్వాహకులకు సైన్యం ఉంది. మీ ఇంట్లో లోటు వస్తే మోసుకొచ్చి నింపేవారు ఎవరూ లేరు కాబట్టే ఎఫ్‌డీ గురించి ఇంత గట్టిగా చెప్పవలసి వస్తోంది.

మీ లెక్క చూడండి. ఇద్దరి జీతాలు రూ.1.28 లక్షలు. ఈఎంఐలు, ఇంటి ఖర్చులు, సిప్ పోగా నెలకు మిగిలేది రూ.17,500. రూ.4 లక్షల రుణానికి 14 శాతం వడ్డీతో 36 నెలల ఈఎంఐ సుమారు రూ.13,670 అవుతుంది. అంటే ఆరుగురున్న ఇంట్లో నెలాఖరుకు మిగిలేది రూ.3,830. మూడేళ్లలో కట్టే వడ్డీ సుమారు రూ.92 వేలు, ప్రాసెసింగ్ రుసుము దానికి అదనం. పది రోజుల విహారానికి చేసిన అప్పును పెద్దబ్బాయికి పదేళ్లు నిండే దాకా కడుతూ ఉంటారన్న మాట. బోనస్ వచ్చాక కొంత తీర్చేద్దాం అనుకుంటూ ఉంటే, బోనస్ అనేది జీతం కాదని, సంస్థకు గడ్డుకాలం వస్తే అన్నిటికంటే ముందు ఆగేది అదేనని గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఎఫ్‌డీ. ఈఎంఐలు, ఇంటి ఖర్చులు కలిపి ఈ నెల మీకు తప్పనిసరిగా కావలసింది రూ.1,00,500. ఎఫ్‌డీ మొత్తం తీసినా అది రెండున్నర నెలలకు కూడా చాలదు. ఆరు నెలల ఖర్చుకు సరిపడా ఉండాల్సిన మీ అత్యవసర నిధి ఇప్పటికే సగం కూడా లేదు. ఆ ఉన్న సగం లోపు దాన్నీ విమాన టికెట్లకు ఖర్చు పెట్టి, అదే సమయంలో కొత్త ఈఎంఐ తలకెత్తుకుంటే, మీ ఉద్యోగానికి ఒక్క కుదుపు వచ్చినా ఇంటి రుణం వాయిదా తప్పుతుంది. ఉద్యోగంతో పాటే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుంది. జీతం, బీమా ఒకే రోజున ఆగిపోయే ఏర్పాటు మీది.

అంతకంటే నన్ను కలవరపెట్టింది మీ నాన్నగారి విషయం. ఆయనకు ఏ పాలసీ ఉన్నట్టూ మీరు రాయలేదు. ఈ రోజు తీసుకున్నా, ముందు నుంచీ ఉన్న మధుమేహానికి సంబంధించిన చికిత్సలకు బీమా సంస్థలు గరిష్ఠంగా మూడేళ్ల వరకు వేచి ఉండే వ్యవధి పెట్టవచ్చు. మీరు తీసుకోబోతున్న రుణం కాలపరిమితి కూడా సరిగ్గా మూడేళ్లే. ఆ 36 నెలల్లో ఆయనకు ఆసుపత్రి అవసరం పడితే పాలసీ ఆదుకోకపోవచ్చు, ఎఫ్‌డీ ఉండదు, నెలకు మిగిలేది రూ.3,830. అప్పుడు మీరు చేసేది క్రెడిట్ కార్డు గీకడం, లేదా ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడం.

‘ప్రయాణ బీమా ఎలాగూ తప్పనిసరి కాబట్టి ఆ వైపు దిగులు లేదు’ అన్న వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను. షెంజెన్ వీసాకు (ఐరోపాలోని పలు దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) తప్పనిసరి అయిన 30 వేల యూరోల కనీస వైద్య బీమా అక్కడ మీ నలుగురికి ఏమైనా అయితే పనికొస్తుంది. విజయవాడలో ఉండిపోయిన అమ్మానాన్నలకు అది ఒక్క రూపాయి ఇవ్వదు, తిరిగి వచ్చిన మరునాటి నుంచి మీకూ ఇవ్వదు. అక్కడైనా, స్కీయింగ్ చేస్తూ పడితే చాలా సాధారణ పాలసీలు వర్తించవు. సాహస క్రీడలకు అదనపు రక్షణ చేర్చారో లేదో కొనేముందు రాతపూర్వకంగా అడగండి.

బావమరిది డబ్బు సంగతి మొహమాటం లేకుండా చెబుతాను: వద్దు. దరఖాస్తుతో పాటు కొన్ని నెలల ఖాతా లావాదేవీలు, జీతం పత్రాలు, ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతారు. నెలాఖరుకు పాతిక వేలు కూడా నిలవని ఖాతాలో ఒక్కసారిగా రూ.5 లక్షలు వచ్చి పడితే, చూసేవారికి కలిగే మొదటి అనుమానం ఏమిటో మీకూ తెలుసు. అది అబద్ధం చెప్పడమే, దరఖాస్తు తిరస్కరించడానికి కారణాన్ని మనంతట మనమే చేతికివ్వడం. వీసా నిరాకరించినా రుసుము తిరిగి రాదు, చౌక టికెట్ల డబ్బు చాలావరకు రాదు, రుణం ఈఎంఐ మాత్రం ఆగదు. ఖాతాలో చూపించడానికే డబ్బు లేని ప్రయాణానికి ఇంకా సమయం రాలేదని ఆ వీసా నిబంధనే మీకు చెబుతోంది. నన్ను అడిగితే, దాన్ని ఉచితంగా దొరికిన ఆర్థిక సలహాగా తీసుకోవాలి.

అలాగని ప్రయాణం మానుకోమనడం లేదు. ఈ డిసెంబరు బదులు, వచ్చే సంక్రాంతిని కూడా వదిలేసి, ఆ పై సంక్రాంతి సెలవుల్లో వెళ్లండి. ఐరోపాలో క్రిస్మస్, నూతన సంవత్సర రద్దీ జనవరి 6 నాటికి దాదాపు ముగుస్తుంది, విమానాల, హోటళ్ల ధరలు దిగుతాయి, డిసెంబరు కంటే జనవరిలో మంచు నిలకడగా ఉంటుంది. మన పిల్లల సెలవులు ఇంత చక్కగా కలిసిరావడం అరుదు. పోలండులో బడుల చలికాలపు సెలవులు జనవరి మధ్య నుంచి ప్రాంతాల వారీగా మొదలై జకోపానే కిటకిటలాడుతుంది కాబట్టి బస మాత్రం ముందుగా ఖాయం చేసుకోండి.

డబ్బు వరుస ఇలా ఉండాలి. మిగులుతున్న రూ.17,500లో నెలకు రూ.4 వేలు రెండు ప్రీమియాలకు పక్కన పెట్టండి. ఒకటి మీ నలుగురికి కంపెనీతో సంబంధం లేని రూ.10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటరు, అంటే కుటుంబమంతటికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా. రెండోది మీరు ప్రస్తావించనే లేదు, ఇంటి రుణం ఉండి, అయిదుగురు ఆధారపడిన మనిషికి ఉండి తీరవలసిన టర్మ్ పాలసీ (అచ్చంగా జీవిత బీమా). మిగతా రూ.13,500 జూన్ నుంచి డిసెంబరు వరకు ఏడు నెలల్లో రూ.94,500 అవుతుంది. అక్టోబరు బోనస్‌తో రూ.2,94,500. కారు రుణం తీరాక మీ తప్పనిసరి ఖర్చు నెలకు రూ.91 వేలకు తగ్గుతుంది, ఆరు నెలల నిధి రూ.5.46 లక్షలు, అందులో ఎఫ్‌డీ పోను లోటు రూ.3.06 లక్షలు. జనవరిలో కారు ఈఎంఐ కూడా కలిసి నెలకు రూ.23 వేలు జమ చేయగలుగుతారు కాబట్టి ఆ నెలలోనే నిధి నిండి రూ.11,500 మిగులుతుంది. ఫిబ్రవరి నుంచి ప్రతి రూపాయీ ప్రయాణానిదే. అక్టోబరు నాటికి తొమ్మిది నెలల పొదుపు రూ.2.07 లక్షలు, రెండో బోనస్ రూ.2 లక్షలు, పాత మిగులు కలిపి రూ.4.18 లక్షలు చేతిలో ఉంటాయి, నవంబరు, డిసెంబరు జమలు ఇంకా ఉన్నాయి. ఏదైనా ఒక ఏడాది బోనస్ రాకపోతే వాయిదా పడవలసింది ప్రయాణం, అత్యవసర నిధి కాదు.

జకోపానేలో ఎనిమిది రాత్రులకు నా అంచనా రూ.4.20 లక్షలు. విమానాలకు రూ.2.20 లక్షలు, వీసా, సేవా రుసుములు, బీమా కలిపి రూ.40 వేలు, బసకు రూ.70 వేలు, తిండికి, తిరుగుడుకు రూ.60 వేలు, చలి దుస్తులకు రూ.30 వేలు. వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు, ఆరేళ్ల లోపు వారికి లేదు కాబట్టి చిన్నదానికి కట్టవలసిన పని ఉండదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి.

మిగతావి క్లుప్తంగా. ఏజెంటు ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ (చెల్లించేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) కోస్తారు, అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది, రేటు బడ్జెట్లలో మారుతోంది కాబట్టి కట్టేముందు అడగండి. విదేశాల్లో వాడే క్రెడిట్ కార్డుకు మారకపు రుసుము ఎంతో చూసుకోండి. ‘ఇప్పుడు తిరగండి, తర్వాత కట్టండి’ పథకాలు కూడా వ్యక్తిగత రుణాలే, పేరే వేరు. మంచు ఈ ఏడాదే చూడాలని పిల్లలు పట్టుబడితే గుల్‌మార్గ్ ఉంది, దానికి వీసా అక్కర్లేదు. సిప్‌ను మాత్రం ఆపవద్దు.

రుణం మంజూరైనా సొమ్ము తీసుకోలేదని రాశారు. ఈ వారంలోనే బ్యాంకుకు వెళ్లి వద్దని రాతపూర్వకంగా ఇచ్చి, దరఖాస్తు రద్దయినట్లు రసీదు తీసుకోండి. ప్రాసెసింగ్ రుసుము ముందే కోసి ఉంటే తిరిగి అడగండి, ఇవ్వకపోయినా దాని కోసం రుణం తీసుకోకండి.