వ్యాన్‌లోనే ఉంటే స్నానాలు ఎలా? మా ఏడు నెలల అనుభవం

మూడు నెలలు వ్యాన్‌లో తిరగాలనుకుంటున్నాం, పడకా వంటా కుదిరాయి, స్నానం ఎలాగో తేలడం లేదని అడిగారు. నేనూ మా ఆవిడా మారుతి ఈకో వ్యాన్‌లో వెనక పరుపేసుకుని ఏడు నెలలు తిరిగాం. మొదటి వారం మాదీ ఇదే గోల.

అప్పట్లో చీకటి పడేదాకా నడిపి, ఎక్కడ చోటు కనిపిస్తే అక్కడ ఆపి పడుకునేవాళ్లం. పొద్దున లేచి చూస్తే చుట్టుపక్కల బాత్రూమే ఉండేది కాదు. తర్వాత లెక్క తిరగేశాం. రేపటి స్నానం ఎక్కడో తేలాకే ఈ రాత్రి ఎక్కడ ఆగాలో చూసుకునేవాళ్లం. సగం టెన్షన్ దాంతోనే పోయింది.

మగవాళ్లకి హైవే మీద పెద్ద ఇబ్బంది ఉండదు. లారీలు ఆగే దాబాల దగ్గర చాలాచోట్ల సిమెంటు తొట్టీ మగ్గూ ఉంటాయి. లుంగీ కట్టుకుని నీళ్లు పోసుకుని, టిఫిన్ అక్కడే చేస్తే సరి. ఆడవాళ్లకు అది కుదరదు కదా. మా ఆవిడకి అక్కరకొచ్చినవి బస్టాండ్ల దగ్గరి సులభ్ కాంప్లెక్సులు, గుళ్లున్న ఊళ్లలో లాడ్జీలు. సులభ్‌కి తెల్లవారుజామునే వెళ్లండి, జనం పెరిగాక ఆ తడిలో కాలు పెట్టబుద్ధి కాదు. లాడ్జీలో "ఫ్రెషప్‌కి గంటసేపు రూమ్ కావాలి" అని అడిగితే చాలాసార్లు రోజు అద్దె లేకుండానే ఇచ్చారు. తిరుమలలో అయితే యాత్రికుల వసతి సముదాయాల్లో లాకరూ స్నానాల గదీ ఉచితమే.

పెట్రోల్ బంకులో ఆయిల్ కొట్టించాక అడగాలి, ముందు కాదు. కొన్ని పెద్ద బంకుల్లో లారీ డ్రైవర్ల కోసం స్నానాల గదులు కూడా ఉంటాయి. ఒకచోట ఒళ్లంతా సబ్బు రాసుకున్నాక కుళాయి ఆగిపోయింది. మోటారు వేసే కుర్రాడు టీకి వెళ్లాడట. పావుగంట నురగతో నిలబడ్డాక మా ఆవిడ తాగేనీళ్ల బాటిల్ తలుపు పైనుంచి అందించింది, నవ్వు ఆపుకోలేక సగం నీళ్లు నేల మీదే పోసింది. అప్పట్నుంచి బకెట్ నిండాకే సబ్బు ముట్టుకుంటున్నాను.

ఏదీ దొరకని రోజు మమ్మల్ని ఆదుకున్నది మందు కొట్టే పంపు. పొలాల్లో వీపుకి తగిలించుకుంటారే, ఆ 16 లీటర్ల బ్యాటరీ పంపే. కొత్తదే కొనండి, పురుగుమందు పడ్డదాన్ని ఎంత కడిగినా నమ్మొద్దు. నాజిల్ తీసేసి చిన్న షవర్ బిగించాం. ఏడెనిమిది లీటర్లలో ఒకరి స్నానం అయిపోయేది. ఈకో వెనక తలుపు పైకి లేస్తుంది కాబట్టి దాని అంచులకి మూడు వైపులా ముదురు రంగు దుప్పటి క్లిప్పులతో బిగిస్తే గది అయినట్టే. కాళ్ల కింద రబ్బరు మ్యాట్ లేకపోతే కడుక్కున్నదంతా మళ్లీ బురదే. చెరువుకీ కాలవకీ దూరంగా ఆపుకోండి, సబ్బునీళ్లు వాటిలోకి పోకూడదు.

వేన్నీళ్లకి గ్యాస్ మీద రెండున్నర లీటర్లు మరిగించి, ఐదు లీటర్ల చన్నీళ్లలో కలిపేవాళ్లం. ముందు బకెట్లో కలిపి, చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే పంపులో పోయాలి. బండి బ్యాటరీ మీద హీటర్ రాడ్ జోలికి పోకండి. వెయ్యి వాట్లంటే 12 వోల్టుల దగ్గర 80 ఆంపియర్లు దాటుతుంది, బండి బ్యాటరీ అంత తట్టుకోదు.

గోదావరి లాంటి నదుల్లో మెట్లున్న ఘాట్లలో తప్ప దిగలేదు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు.

మీరు అడగలేదు కానీ, స్నానం కన్నా మమ్మల్ని ఎక్కువ సతాయించింది తడి టవల్. మందపాటిది రెండు రోజులకే ముక్క వాసన కొట్టి బండంతా పట్టుకుంది. దాన్ని పారేసి పల్చటి తుండుగుడ్డలు కొన్నాం. అద్దాలు కాస్త దించి లోపల తాడు మీద వేస్తే మధ్యాహ్నానికల్లా ఆరిపోయేవి. వానాకాలంలో బయల్దేరుతుంటే మాత్రం మనిషికి మూడు పెట్టుకోండి.