‘గా’ కనబడ్డ చోటల్లా ‘లీ’ తగిలించకు

అమ్మలూ,

పర్లాకిమిడిలో నీ ట్యూషన్ పిల్లలకి ఆడ్‌వెర్బ్‌లు ఎలా చెప్పాలని అడిగావు. నిర్వచనంతో మాత్రం మొదలుపెట్టకు. ‘క్రియను విశేషించేది క్రియావిశేషణం’ అని గడగడా అప్పజెప్పిన పిల్లాడే పరీక్షలో ‘షీ లుక్స్ బ్యూటిఫుల్లీ’ అని రాసొస్తాడు. మీ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల నోట విని నేర్చుకుని, 1931లో వాళ్ల భాషకి వ్యాకరణం అచ్చువేయించారు. నువ్వూ పిల్లల నోటి నుంచే మొదలుపెట్టు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలు ఎక్కడ జారతారో అక్కడే పాఠం ఉంది.

అందరూ పడే చోటు మన ‘గా’. ‘అందంగా పాడింది’, ‘అందంగా ఉంది’. తెలుగులో రెంటికీ ఒకటే మాట. ఇంగ్లీషులో మొదటిది బ్యూటిఫుల్లీ, రెండోది ఉత్త బ్యూటిఫుల్. అందుకని ముందు క్రియ కింద గీత గీయించు. అది చేసిన పని చెబితే లీ పడుతుంది. ఉన్న తీరు చెబితే, అంటే ఈజ్, సీమ్, బికమ్, ఫీల్, స్మెల్, టేస్ట్ లాంటివైతే, లీ వద్దు. అనుమానం వస్తే ఆ క్రియ తీసేసి ఈజ్ పెట్టి చూడమను. ‘ద కర్రీ స్మెల్స్ గుడ్’లో ఈజ్ పెట్టినా వాక్యం నిలబడుతుంది, కాబట్టి గుడ్ సరే. ‘హి లుక్డ్ యాంగ్రీ’ అంటే కోపంగా కనిపించాడు. ‘హి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ద బాయ్’ అంటే కుర్రాడి వైపు కోపంగా చూశాడు. ఈ జంటని బోర్డు మీద వారం రోజులు చెరపకుండా ఉంచు.

తర్వాత చోటు సంగతి. తెలుగులోనూ ఒడియాలోనూ క్రియ చివరికొస్తుంది, ‘మెల్లగా’ దాని ముందు కూర్చుంటుంది. ‘తలుపు మెల్లగా తీసింది’ అన్న అలవాటులో పిల్లలు ‘షీ ఓపెన్డ్ స్లోలీ ద డోర్’ అంటారు. క్రియకీ కర్మకీ మధ్య ఎవరినీ దూరనివ్వొద్దని చెప్పు. స్లోలీ చివరికైనా పోవాలి, ఓపెన్డ్‌కి ముందైనా రావాలి. మనం ‘నిన్న బజార్లో మెల్లగా నడిచింది’ అంటాం: ఎప్పుడు, ఎక్కడ, ఎలా. ఇంగ్లీషు దాన్ని తిరగేస్తుంది: ‘షీ వాక్డ్ స్లోలీ ఇన్ ద మార్కెట్ ఎస్టర్‌డే’. వెళ్లడం, రావడం అయితే మాత్రం చేరే చోటు క్రియని అంటిపెట్టుకునే ఉంటుంది: ‘హి వెంట్ టు గునుపూర్ బై ట్రైన్ ఎస్టర్‌డే’.

ఆల్వేజ్, యూజువల్లీ, ఆఫెన్, నెవర్‌లకి మూడు వాక్యాలు చాలు. ‘హి ఆల్వేజ్ కమ్స్ లేట్’, ‘హి ఈజ్ ఆల్వేజ్ లేట్’, ‘హి హాజ్ నెవర్ బీన్ లేట్’. మామూలు క్రియకి ముందు, ఈజ్‌కి తర్వాత, సహాయక క్రియ ఉంటే దాని తర్వాత, అవి రెండుంటే మొదటిదాని తర్వాత.

‘ఎప్పుడూ రాదు’ని పిల్లలు ‘షీ ఆల్వేజ్ డజంట్ కమ్’ చేస్తారు. ‘షీ నెవర్ కమ్స్’ అనిపించు. నెవర్, హార్డ్లీ, రేర్లీల కడుపులోనే ‘కాదు’ ఉంది, ఇంకో నాట్ అక్కర్లేదు. ‘ఇంకా’ కూడా అలాగే తికమక పెడుతుంది. ‘ఇంకా వాన పడుతోంది’లో స్టిల్, ‘ఇంకా రాలేదు’లో యెట్, అదీ వాక్యం చివర. ‘అప్పుడే వెళ్లిపోయాడా?’ అన్నది ఆల్‌రెడీ.

హార్డ్ దగ్గర జాగ్రత్త. ‘హి వర్క్స్ హార్డ్లీ’ అని ఎవరైనా సర్టిఫికెట్లో రాస్తే కుర్రాడు కష్టపడతాడని కాదు, పని దాదాపు చేయడని అర్థం. పొగడబోయి తిట్టినట్టే! లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈమధ్య. ఫాస్ట్‌కి లీ లేనే లేదు, ఫాస్ట్లీ కనిపిస్తే కొట్టెయ్. ఫ్రెండ్లీ, లవ్లీ, సిల్లీ చూడ్డానికి ఆడ్‌వెర్బ్‌ల్లా ఉంటాయి గానీ కావు. స్నేహంగా మాట్లాడాడు అనాలంటే ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’.

మన ‘మెల్లమెల్లగా’, ఒడియా ‘ధీరే ధీరే’ కలిసి ‘స్లోలీ స్లోలీ’ని తెస్తాయి. దాని బదులు గ్రాడ్యువల్లీ నేర్పు. ‘చాలా బాగుంది’ అనడానికి టూ వాడనివ్వకు. టూ అంటే మితిమీరిందని. టీ టూ హాట్ అంటే తాగలేనంత వేడి.

స్పెల్లింగు ఒక పూట పని. హ్యాపీలో చివరి వై పోయి ఐ వస్తుంది, ట్రూలో చివరి ఈ ఎగిరిపోతుంది, బేసిక్ లాంటి ఐ-సీ మాటలకి ఏ-ఎల్-ఎల్-వై చేరుతుంది. పబ్లిక్ ఒక్కటే మొండిది, దానికి ఉత్త ఎల్-వై.

దిద్దేటప్పుడు రోజుకి ఒక్క రకం తప్పే పట్టు. సోమవారం లీ అనుకుంటే చోటు తప్పినా ఆరోజుకి వదిలెయ్. అన్నిటికీ ఎర్రసిరా పోస్తే పిల్లలు ఆడ్‌వెర్బే లేని వాక్యాలు రాసి తప్పించుకుంటారు. ‘ఐ లివ్ హియర్ ఓన్లీ’ జోలికి ఇప్పుడే పోకు. అది మన ‘ఇక్కడే’లోని ‘ఏ’ తెచ్చిన అలవాటు, పదో తరగతి వాళ్లకి చెబితే సరిపోతుంది.

మీ పెదనాన్న