కీ బ్యాటరీ అయిపోయినా కారు కదులుతుంది

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

బటన్ రెండు మూడు సార్లు నొక్కితే గానీ డోర్లు తెరుచుకోవడం లేదని నిన్న ఫోన్‌లో అన్నావు కదా. కీలో బ్యాటరీ అయిపోవస్తోందన్నమాట. మొదట్లో దూరం నుంచే పలికిన కారు ఇప్పుడు పక్కకొచ్చి నిలబడితే గానీ పలకడం లేదంటే కూడా అదే అర్థం. కొన్ని కార్లు స్పీడోమీటర్ దగ్గర హెచ్చరిక కూడా చూపిస్తాయి. ఈ వారంలోనే మార్చేయి. ఈలోగా పూర్తిగా అయిపోయినా కంగారు పడకు. ఆ కీతోనే డోర్ తీయొచ్చు, బండి స్టార్ట్ చేయొచ్చు. ఎలాగో ఇవాళే, పగటిపూట, తీరిగ్గా ఒకసారి చేసి చూసుకో. చీకట్లో, వానలో నేర్చుకోవలసిన పని కాదిది.

ముందు పోయింది కీ బ్యాటరీయా, కారు బ్యాటరీయా అన్నది తేలాలి. రెండో కీతో చూడు. అది బాగా పనిచేస్తే తప్పు మొదటి కీదే. రెండూ పలకకపోయి, లోపలి లైటు మసగ్గా వెలిగినా, అసలు వెలగకపోయినా అది కారు బ్యాటరీ గొడవ. దాని కథ వేరు. ఇంకో మాట, టీవీ రిమోట్‌ని ఫోన్ కెమెరా ముందు పెట్టి చూసే చిట్కా ఇక్కడ పనికిరాదు. టీవీ రిమోట్ పంపేది కంటికి కనిపించని కాంతి, కారు కీ పంపేది రేడియో తరంగాలు. బ్యాటరీ ఎంత కొత్తదైనా కెమెరాలో నీకేమీ కనిపించదు.

ఇక డోర్ సంగతి. నీ స్మార్ట్ కీ పక్కనో అడుగునో చిన్న మీట లాంటిది ఉంటుంది. దాన్ని జరిపి లాగితే లోపలి నుంచి సన్నటి ఇనుప తాళంచెవి బయటికొస్తుంది. అది పట్టే రంధ్రం చాలా కార్లలో డ్రైవర్ వైపు డోర్‌కే ఉంటుంది. పైకి కనిపించలేదంటే లేదని కాదు, హ్యాండిల్ చివర రంగు కలిసిపోయిన ప్లాస్టిక్ మూత కింద దాగి ఉంటుంది. ఆ మూతని వంగి కింది నుంచి చూస్తే సన్నటి గాడి కనిపిస్తుంది. హ్యాండిల్‌ని కాస్త లాగి పట్టుకుని, తాళంచెవి మొనని ఆ గాడిలో పెట్టి మెల్లగా పైకి లేపితే మూత ఊడొస్తుంది. గీత పడుతుందని భయమైతే మొనకి పలచటి గుడ్డ చుట్టు. కొన్ని కార్లలో మూత తీసే పద్ధతి వేరుగా ఉంటుంది, అందుకని బలం చూపించేముందు మాన్యువల్‌లో ఆ పేజీ తిరగెయ్యి.

ఇలా తాళంతో డోర్ తీస్తే అలారం మోగవచ్చు. చుట్టుపక్కలవాళ్లంతా నీవైపే చూస్తారు, చూడనీ. లోపల కూర్చుని బండి స్టార్ట్ చేస్తే సాధారణంగా అదే ఆగిపోతుంది.

స్టార్ట్ చేయడం దగ్గరే ఎక్కువమంది చేతులెత్తేస్తారు. ‘కీ దొరకలేదు’ అని తెర మీద చూడగానే ఇక కథ ముగిసిందనుకుంటారు. నిజానికి కీలో రిమోట్ ఒక్కటే కాదు, దొంగల భయానికి పెట్టిన చిన్న చిప్ కూడా ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. కారులోని తీగచుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే కావలసిన కరెంటు తీసుకుని తన గుర్తింపు చెబుతుంది. కాకపోతే ఆ క్షేత్రం కొద్ది సెంటీమీటర్లకు మించి అందదు. అందుకే కీని ఆ చోటికి ఆనించాలి. చాలా కార్లలో ఆ చోటు స్టార్ట్ బటనే. బ్రేక్ తొక్కి (గేర్ల బండైతే క్లచ్ కూడా), కీని బటన్‌కి ఆనించి, ఆ కీతోనే బటన్ నొక్కు. కొన్నింటిలో ఆ చోటు కప్పు పెట్టుకునే గుంతలోనో, ముందు సీట్ల మధ్యనుండే పెట్టె అడుగునో, స్టీరింగ్ పక్కనో ఉంటుంది. నీ కారులో ఎక్కడో మాన్యువల్ చూసి గుర్తుపెట్టుకో. కీ గుత్తిలో ఇంకేవైనా తాళాలుంటే తీసి పక్కన పెట్టు, అడ్డు రావచ్చు. ఇక తాళం పెట్టి తిప్పే పాతరకం బండి అయితే ఈ తంటా ఏమీ లేదు, మామూలుగా తిప్పడమే.

బ్యాటరీ మార్చడానికి సర్వీస్ సెంటర్ దాకా వెళ్లక్కర్లేదు. తాళంచెవి బయటికి లాగిన చోటే లోపల చిన్న సందు ఉంటుంది. చదునైన స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి అందులో పెట్టి మెలిపెడితే డొప్పలు విడిపోతాయి. విడిపోగానే ఫోన్‌తో ఒక ఫోటో తీసుకో. పాత సెల్ ప్లస్ గుర్తు పైకుందో కిందికుందో తర్వాత తడుముకోకుండా ఉంటుంది. బటన్ల రబ్బరు ముక్క జారిపడుతుంది, జాగ్రత్త. సెల్‌ని గోటితోనో ప్లాస్టిక్ పుల్లతోనో లేపు. ఆకుపచ్చ సర్క్యూట్ మీద ఇనుప మొన ఆనించి మాత్రం లేపకు.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీదున్న నంబరే అడుగు. సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. సీఆర్ 2025 వెడల్పులో అంతే, మందం 2.5 మాత్రమే. రెండూ 3 వోల్టులే కాబట్టి ‘ఏదైనా పర్లేదు’ అనే దుకాణదారుడుంటాడు. వినకు. పలచటిది వదులుగా కూర్చుని, కీ కింద పడినప్పుడల్లా పనిచేయడం మానేస్తుంది. చార్జింగ్ చేసుకునే రకం అసలొద్దు, నిండుగా చార్జ్ చేస్తే 4.2 వోల్టుల దాకా వెళుతుంది.

కొత్త సెల్‌ని అంచులు పట్టుకునే పెట్టు. చాలా కీలు బ్యాటరీ మార్చినా కారుని మరిచిపోవు, మళ్లీ జత కలపాల్సిన పని ఉండదు. కొత్తది పెట్టినా పలకలేదంటే తిరగేసి పెట్టావేమో, సెల్ మీద స్టిక్కర్ మిగిలిందేమో చూడు. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని సెల్స్‌కి చేదు పూత పూస్తారు, అది కూడా ఒక్కోసారి కరెంటుకి అడ్డుపడుతుంది. పూత లేనిది పెట్టి చూడు.

కీ బ్యాటరీ సాధారణంగా రెండు మూడేళ్లు వస్తుంది. కారు పక్కనే, గోడకి అవతల కీ తగిలిస్తే ఇంకా ముందే అయిపోవచ్చు. దగ్గరలో ఉంటే కారు పిలుస్తూనే ఉంటుంది, కీ బదులిస్తూనే ఉంటుంది. కాస్త దూరంగా పెట్టు. రెండో కీ వాడకపోయినా దాని బ్యాటరీ కూడా వయసైపోతూ ఉంటుంది, దాన్నీ ఇప్పుడే మార్చెయ్యి.

తీసేసిన సెల్‌కి రెండు వైపులా టేప్ అంటించి, చిన్నవాడికి అందకుండా పెట్టి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చెయ్యి. అయిపోయిన సెల్‌లో కూడా ప్రమాదం మిగిలే ఉంటుంది. అది మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగాడేమోనని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఆ హ్యాండిల్ మూత ఊడకపోతే ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ