2 క్యూబిక్ మీటర్లా, 70 ఘనపు అడుగులా? గోబర్ గ్యాస్ లెక్క

ప్రశ్న: మాకు రెండు ఎనుములు, రెండు ఆవులు ఉన్నాయి. ఇంట్లో ఐదుగురం. గోబర్ గ్యాస్‌కు 2 క్యూబిక్ మీటర్లది చాలని ఒకరు చెప్పారు. మేస్త్రీ 70 ఘనపు అడుగులది కడతానంటున్నాడు. ఏది పెద్దది? ఇక సిలిండర్ కొనే పని ఉండదా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: రెండూ ఒకటే. మీటరుకు 3.28 అడుగులు కదా అని 2ను 3.28తో గుణించి ఊరుకుంటే లెక్క తప్పుతుంది. పొడవు, వెడల్పు, లోతు మూడూ మారాలి కాబట్టి 3.28ని మూడుసార్లు వేసి గుణించాలి. అప్పుడు ఒక క్యూబిక్ మీటరు 35.3 ఘనపు అడుగులు అవుతుంది. లీటర్లలో అయితే 1,000.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ 2 అనేది రోజుకు వచ్చే గ్యాస్, గుంత సైజు కాదు. మేస్త్రీకి ఇది తెలుసో లేదో ముగ్గు పోయకముందే అడగండి. కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. 2 క్యూబిక్ మీటర్లకు రోజూ 50 కిలోల పేడ, అన్నే నీళ్లు కావాలి. అంటే రోజుకు దాదాపు 100 లీటర్లు లోపలికి పోతాయి. 40 రోజులు మాగాలంటే 4,000 లీటర్లు, అంటే 4 క్యూబిక్ మీటర్ల జాగా పేడనీళ్లకే పోతుంది. గ్యాస్ నిలిచే చోటు దానికి అదనం. 70 ఘనపు అడుగుల గుంతే తవ్వితే పేడ సగం మాగకుండానే బయటికొస్తుంది.

ఎనుముకు 15, ఆవుకు 10 కిలోలు వేసుకుంటే మీ పశువులకు సరిగ్గా 50 కిలోలు. కాగితం మీద బాగానే ఉంది. పగలంతా బీళ్లలో మేసి వస్తే మాత్రం కొట్టంలో దొరికేది సగమే. ఓ వారం పేడ తూకం వేసి చూడండి. 25, 30 కిలోల దగ్గరే ఆగితే 1 క్యూబిక్ మీటరుదే కట్టించండి.

సిలిండర్‌లో గ్యాస్ ద్రవంగా ఉంటుంది, దాన్ని లీటర్లలో పోల్చకూడదు, వేడిలో పోల్చాలి. ఒక క్యూబిక్ మీటరు గోబర్ గ్యాస్ సుమారు 0.45 కిలోల వంటగ్యాస్‌తో సమానం. రోజుకు 1 క్యూబిక్ మీటరు వస్తే నెలకు 13.5 కిలోలు, అంటే 14.2 కిలోల సిలిండర్ ఒకటికి కాస్త తక్కువ. వంటకు మనిషికి రోజుకు పావు క్యూబిక్ మీటరు వేసుకున్నా ఐదుగురికి 1.25 కావాలి. పైగా డిసెంబరు, జనవరి చలికి గ్యాస్ తగ్గుతుంది. కనెక్షన్ వదులుకోకండి. నీళ్లకు కటకటగా ఉంటే కొంత బదులు పశువుల మూత్రం కలపొచ్చు. బయటికొచ్చే స్లర్రీని చీనీ చెట్ల పాదుల్లో వేసుకోండి.