డాక్టర్ సలహా: సినిమా సంగతి తర్వాత, ముందు నాన్నగారి తలకు స్కాన్ చేయించండి

ప్రశ్న: మొన్న సెలవు రోజు ఇంట్లో అందరం కలిసి ఒక సస్పెన్స్ థ్రిల్లర్ సినిమా చూశాం. హీరో తలకు దెబ్బ తగిలి గతమంతా మర్చిపోతాడు, తన పేరు కూడా గుర్తుండదు. చివర్లో మళ్లీ దెబ్బ తగలగానే అన్నీ గుర్తొచ్చి హంతకుణ్ణి పట్టుకుంటాడు. నిజంగా అలా జరుగుతుందా? మా నాన్నగారికి 68 ఏళ్లు. నెల రోజులుగా ఆయనకు మతిమరుపు ఎక్కువైంది. అడిగిందే అడుగుతున్నారు, పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండటం లేదు. నెలన్నర క్రితం బాత్రూంలో జారిపడ్డారు గానీ తల మీద చిన్న బొప్పి తప్ప ఇంకేమీ కాలేదు. అప్పుడప్పుడు తలనొప్పి అంటే నొప్పి మాత్ర ఇస్తున్నాం. నిద్ర పట్టని రోజు అమ్మకు డాక్టర్ రాసిన అల్‌ప్రజోలం వేసుకుంటున్నారు. చాలా ఏళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. జ్ఞాపకశక్తి పెరగడానికి మంచి టానిక్ చెప్పగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు సినిమా గురించి అడిగారు, టానిక్ గురించి అడిగారు. మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం దగ్గర నేను ఆగిపోయాను. నెలన్నర క్రితం ఆయన పడ్డారు, తలకు దెబ్బ తగిలింది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు, ఆ తర్వాతే మతిమరుపు మొదలైంది. ఈ నాలుగూ ఒకే మనిషిలో కనిపిస్తే ఏ డాక్టరైనా ముందు తలకు సీటీ స్కాన్ రాస్తారు. వచ్చే వారం చూద్దాం అనుకోవద్దు. ఈ రోజో రేపో తీసుకెళ్లండి.

మనిషిని చూడకుండా ఇది ఫలానా జబ్బు అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఏమీ లేదని తేలితే మంచిదే. నా అనుమానం ఏమిటో మాత్రం చెబుతాను. వయసు పెరిగేకొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. మెదడుకీ దాని పైపొరకీ మధ్య ఉండే సన్నని సిరలు అప్పుడు సాగి, బిగుసుకుని ఉంటాయి. చిన్న దెబ్బకే వాటిలో ఒకటి చిట్లవచ్చు. రక్తం ఒక్కసారిగా కారదు, కొద్దికొద్దిగా చేరుతుంది. అందుకే పడిన రోజు మనిషి లేచి మామూలుగా తిరుగుతాడు. కొన్ని వారాలు పోయాక తలనొప్పి, మతిమరుపు, నడకలో తూలడం, పగలే మగతగా ఉండటం వంటివి మొదలవుతాయి. దీన్ని సబ్‌డ్యూరల్ హెమటోమా అంటాం. అప్పటికి ఇంట్లోవాళ్లు బొప్పి సంగతే మర్చిపోయి ఉంటారు, వయసు వల్ల వచ్చిన మతిమరుపేలే అనుకుంటారు.

మతిమరుపు తెచ్చే జబ్బుల్లో సరైన చికిత్సతో బాగా తగ్గే వాటిలో ఇదొకటి. సీటీ స్కాన్‌కి నిమిషాలు చాలు. రక్తం కొద్దిగా ఉంటే కొన్నిసార్లు గమనిస్తూ ఉంటారు. ఎక్కువగా ఉంటే పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేస్తారు. ఇంట్లో మనుషుల పేర్లు తడబడుతున్న ఒక పెద్దాయన అలా రక్తం తీసిన కొద్ది రోజులకే మనవడిని పేరు పెట్టి పిలవడం నేను చూశాను. అందరికీ అలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుందని మాత్రం కచ్చితంగా చెప్పగలను.

ఈలోగా తలనొప్పి పెరిగినా, వాంతులైనా, లేపినా సరిగ్గా లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక పక్క చెయ్యో కాలో బలహీనపడినా, ఫిట్స్ వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇది చదివి రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి. స్టెంట్ ఉన్నవారు వాటిని ఉన్నట్టుండి మానేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. ఆపాలా, ఎన్నాళ్లు ఆపాలి అన్నది స్కాన్ చూశాక గుండె డాక్టర్, న్యూరో డాక్టర్ మాట్లాడుకుని చెప్పాల్సిన మాట. మీరు ఇస్తున్న నొప్పి మాత్ర పేరు రాయలేదు. అది డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం అయితే ఇప్పుడే ఆపండి. రక్తం పలచబడే మాత్రలతో కలిస్తే రక్తస్రావం ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఇక అమ్మగారి అల్‌ప్రజోలం. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఏమీ అనుకోకండి. నా దగ్గరికి మతిమరుపు అని వచ్చే పెద్దవాళ్లను నేను మొదట అడిగేది, రాత్రి నిద్రకు ఏం వేసుకుంటున్నారు అని. చాలామంది ఏమీ లేదంటారు. పక్కన కూర్చున్న కూతురో కోడలో నెమ్మదిగా బ్యాగులోంచి స్ట్రిప్ తీస్తారు. ఒకరికి రాసిన మాత్ర ఇంట్లో ఇంకొకరు వేసుకోవడం మనకు తప్పుగానే అనిపించదు. సగం మాత్రే కదా, ఎప్పుడో ఒకసారే కదా అనుకుంటాం.

అల్‌ప్రజోలం, క్లోనజెపామ్, డయజెపామ్ అన్నీ ఒకే కుటుంబం. ఇవి నిద్ర తెప్పించడమే కాదు, కొత్త విషయాలు మెదడులో నిలవకుండా కూడా చేస్తాయి. ఎండోస్కోపీ వంటి పరీక్షలకు ముందు ఇచ్చే మిడజోలం కూడా ఈ కుటుంబంలోదే. అది ఇచ్చాక మనిషి మనతో మాట్లాడతాడు, చెప్పినట్టు పక్కకు తిరుగుతాడు. బయటికొచ్చాక ఏం జరిగిందని అడిగితే చాలామందికి ఏమీ గుర్తుండదు. అక్కడ ఆ మరుపు మాకు పనికొస్తుంది. ఇంట్లో రాత్రిపూట అదే పని జరిగితే మర్నాడు మీరు చూసేది మతిమరుపే. పెద్దవాళ్ల శరీరం నుంచి ఈ మందులు త్వరగా పోవు కూడా. 65 ఏళ్లు దాటినవారికి వీలైనంత వరకు ఇవ్వొద్దని వృద్ధుల వైద్యుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ, పెద్దవాళ్లకు ముప్పు తెచ్చే మందుల కోసం తయారుచేసిన బీర్స్ జాబితాలో చెబుతోంది. మతిమరుపు ఒక కారణమైతే, పడిపోవడం ఇంకో కారణం.

అందుకే ఒక మాట అడుగుతున్నాను. ఆయన బాత్రూంలో జారింది ఆ మాత్ర వేసుకున్న రాత్రేనా? ఇంట్లో అందరూ కూర్చుని గుర్తు చేసుకోండి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. తలలో రక్తం చేరితే వచ్చే మొదటి గుర్తుల్లో మగత ఒకటి. నిద్రమాత్ర వేసుకున్న మనిషి మగతగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు, మాత్ర ప్రభావమేలే అనుకుంటారు.

ఎప్పుడో ఒకసారి వేసుకుంటుంటే మాత్రం ఇక ముట్టుకోవద్దు. రోజూ వేసుకుంటున్నారేమో కూడా కనుక్కోండి, పెద్దవాళ్లు కొన్నిసార్లు చెప్పకుండా వేసుకుంటారు. వారాల తరబడి రోజూ వాడుతుంటే ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో నెమ్మదిగా తగ్గించాలి. అమ్మగారు దాన్ని ఎన్నాళ్లుగా వాడుతున్నారో, ఇంకా అవసరమో లేదో ఆమె డాక్టర్‌ని కూడా అడగండి.

మతిమరుపుకు ఇతర కారణాలు లేవని కాదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు, దానివల్ల కూడా మతిమరుపు రావచ్చు. కాబట్టి బి12, థైరాయిడ్, సోడియం, షుగర్ పరీక్షలు కూడా చేయిస్తారు. షుగర్ మరీ తగ్గిపోతున్నా మనిషి అయోమయంగా ఉంటాడు. మనసులో దిగులున్నా, చెవి సరిగ్గా వినపడకపోయినా బయటికి మతిమరుపులాగే కనిపిస్తుంది. ఇవన్నీ స్కాన్ తర్వాతి సంగతులు. టానిక్ మాత్రం నేను రాయను. జ్ఞాపకశక్తి పెంచుతుందని నమ్మకంగా చెప్పదగ్గ టానిక్ ఏదీ లేదు. సీసా అయ్యేదాకా చూద్దాం అనుకుంటూ మీరు పోగొట్టుకునే నెల రోజులే నాకు భయం.

సినిమా గురించి అడిగారు కాబట్టి రెండు మాటలు. రెండో దెబ్బతో పోయిన జ్ఞాపకాలు తిరిగి రావు. ఉన్న నష్టం మీద ఇంకో నష్టం జరుగుతుంది, అంతే. ఈ మాట పిల్లలకు కూడా చెప్పండి. తలకు దెబ్బ తగిలినవారు సాధారణంగా మర్చిపోయేది దెబ్బకు కాస్త ముందు, ఆ తర్వాత జరిగిన సంగతుల్ని. తన పేరు, తనవాళ్లెవరో మొత్తం తుడిచిపెట్టుకుపోయి, మాట, నడక, తెలివి మాత్రం చక్కగా ఉండటం దెబ్బ వల్ల చాలా అరుదు. అలా కనిపిస్తే తీవ్రమైన మానసిక ఆఘాతం ఉందేమో కూడా చూస్తాం.

నిజమైన మరుపు ఎలా ఉంటుందో వైద్యులకు నేర్పింది హెన్రీ మొలైసన్ అనే అమెరికన్. 1953లో మూర్ఛ తగ్గడానికి ఆపరేషన్ చేసి, ఆయన మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి ఆ భాగమే కావాలని అప్పటికి తెలియదు. తన పేరు, చిన్ననాటి సంగతులు ఆయనకు గుర్తే. కానీ ఇప్పుడే పరిచయమైన మనిషి గదిలోంచి వెళ్లి తిరిగొస్తే మళ్లీ కొత్తగా పలకరించేవారు. ఆయన్ని ఏళ్ల తరబడి పరీక్షించిన మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఒక వింత గమనించారు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీతలు గీయడం రోజూ చేయిస్తే చెయ్యి తిరిగింది, కానీ అంతకుముందు గీసిన సంగతే ఆయనకు గుర్తులేదు. చేతికి నేర్చుకునే జ్ఞాపకం వేరు, జరిగింది గుర్తుంచుకునే జ్ఞాపకం వేరు అని అలా తెలిసింది. ఆయన 2008లో చనిపోయారు. చివరిదాకా ఆ జ్ఞాపకశక్తి తిరిగి రాలేదు.

మీ నాన్నగారు అడిగిందే అడుగుతున్నారంటే అదీ కొత్త సంగతులు నిలవకపోవడమే. దయచేసి ఆయన మీద విసుక్కోకండి, ఇందాకే చెప్పాను కదా అని గద్దించకండి. అడగడం ఆయన చేతిలో లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి, అమ్మగారివి కూడా. పడిన తేదీ, తల ఎటువైపు తగిలింది, మతిమరుపు ఎప్పటి నుంచి గమనించారు అన్నవి కాగితం మీద రాసుకోండి. ఆయన పడినప్పుడు దగ్గరున్న వాళ్లెవరైనా వెంట వెళ్తే మంచిది. మా నాన్నగారు పడ్డారు అన్న మాటే డాక్టర్‌తో ముందు చెప్పండి, నాకు రాసినట్టు మధ్యలో కాదు.