పెళ్లి కార్డు ఫైల్ ప్రెస్‌కి ఇచ్చేముందు ఏం మాట్లాడుకోవాలి?

సొంతంగా డిజైన్ చేసిన పెళ్లి కార్డును ఆఫ్‌సెట్ ప్రెస్‌లో వేయించాలంటే, డిజైన్ మొదలుపెట్టక ముందే వాళ్లకు ఫోన్ చేయండి. కట్ చేశాక సైజెంత, బ్లీడ్ (కటింగ్‌లో పోయేలా అంచు దాటి పొడిగించే డిజైన్ భాగం) ఎంత వదలాలి, మామూలుగా చుట్టూ 3 మిల్లీమీటర్లు, పీడీఎఫ్ కావాలా, కోరల్‌డ్రా (డిజైన్ సాఫ్ట్‌వేర్) ఫైలా అని అడగండి. రంగులు సీఎంవైకేలో (ప్రింటింగ్‌లో వాడే నాలుగు ఇంకుల పద్ధతి), ఫొటోలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి.

అసలు తలనొప్పి తెలుగు అక్షరాలతోనే. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) టైప్ చేసింది ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగు) అయినా పాత సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోతాయి. అందుకే అక్షరాలన్నీ కర్వ్స్‌గా (ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలుగా) మార్చి పంపండి. మార్చని కాపీ మీ దగ్గర ఉంచుకోండి, ముహూర్తం టైము దిద్దాల్సి రావచ్చు!

వాట్సాప్‌లో అయితే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. ప్రింటు తీసిన ప్రూఫ్ ఇంట్లో పెద్దవాళ్లకు చూపించాకే ఓకే చెప్పండి.